గడ్డికి వేడినీళ్ళ స్నానం

మేము కాపురం వుంటున్నది లాల్‌దర్వాజాకూ గౌలిపురాకూ నడుమ ఒక ఇరుకు సందులో. తెల్లవారుజామున ఆ సందులోకి రెండు వాసనలు వస్తాయి. ఒకటి షాలిబండ వైపునుంచి వచ్చే నహారీ వాసన. రాత్రంతా సన్నని సెగమీద పెద్ద దేగిసాలో మేక కాళ్ళు, నాలుకలు వుడికి వుడికి, ఎముకలోని సారమంతా నీళ్ళలోకి దిగిన తరువాత మూత తీస్తారు. మేము శాకాహారులం. అయినా పొద్దున్నే ఆ మూత తీసిన సంగతి మా ముక్కులకు తెలియకుండా వుండదు. రెండవ వాసన వరిగడ్డిది. గౌలిపురా పేరులోనే గౌళీలు వున్నారు గదా. మాకు పాలు పోసే ఆయన ఈ నాటికీ సందు చివర ఒక పెంకుల కొట్టంలో నాలుగు గేదెలను కట్టుకొని, పట్నం మధ్యన పల్లెటూరి కాపురం చేస్తున్నాడు.

ఈ రెండు వాసనలకూ ఏదో బంధుత్వం వుందని చాలాకాలం నాకు తట్టనే లేదు. నిరుడు వానకాలంలో గాని ఆ చుట్టరికం బయటపడలేదు.

ఆ ఏడు ముసురు పట్టి మా పాలాయన కొట్టం కారింది. ఒకప్పుడు గడ్డి మోపులు కట్టి బండ్లమీద తెచ్చేవారు. ఇప్పుడు పొలంలోనే మిషను చుట్టలు చుట్టి ఇస్తుంది, అవి ట్రాలీ ఆటోలో వస్తాయి. అలా వచ్చిన చుట్టల్లో నాలుగయిదు తడిసి, గేదెలు మూతి పెట్టకుండా పోయాయి. అడుగున వున్న ఒక చుట్ట మాత్రం లోపల బంగారంలాగా, పొడిగా వుంది. అదికూడా పారేస్తాడేమోనని నేను అడిగాను.

"ఏం జేస్తరు సారూ గీ గడ్డి? మీ ఇంట్ల గొడ్డు గూడ లేదాయె" అన్నాడాయన.

పుట్టగొడుగులు పెంచుతానన్నాను. ఆయన నా ముఖంకేసి ఒకసారి చూసి, ఇంకేమీ అనకుండా ఇచ్చేశాడు. ఇంట్లో అంత సులభంగా జరగలేదు. మా ఇంటావిడ పుట్టింటి వారు నిష్ఠాపరులు. "పెంటమీద మొలిచేవి మన వంటింట్లోకి రావడమేమిటండీ!" అన్నది ఆవిడ మొదటి మాట. పెంటమీద కాదు, కడిగి వుడకబెట్టిన గడ్డిమీద మొలుస్తాయని చెప్పాను. "గడ్డి వుడకబెట్టడమేమిటి?" అన్నది రెండవ మాట. ఈ వ్యాసమంతా ఆ రెండవ మాటకు జవాబు.

గడ్డిని మనం తేలిక చేసి మాట్లాడుతాం. గడ్డిపోచ అంటే విలువలేనిదని లెక్క. కాని ఒక కిలో ధాన్యం పండిన చోట కిలోకు తక్కువ కాకుండా గడ్డికూడా పండుతుంది. తెలంగాణలో గత పదేళ్ళలో వరి ఎంతగా పెరిగిందో అందరికీ తెలిసిందే. వరి పెరిగితే గడ్డీ పెరిగింది, పశువులు మాత్రం పెరగలేదు. పైగా కోత మిషను గింజను తీసుకొని గడ్డిని చెల్లాచెదరుగా పొలంలో వదిలిపెట్టి పోతుంది. వానకాలం పంటకూ యాసంగి నాట్లకూ మధ్య వ్యవధి కొద్ది. రైతు అగ్గిపుల్ల గీస్తాడు. ఆయన్ను తిట్టి లాభం లేదు. కూలి పెట్టి గడ్డి ఎత్తిస్తే ఆ ఖర్చు ఎవరిస్తారు?

పోయేది మాత్రం తక్కువ కాదు. ఒక టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్ వుంటాయని శాస్త్రజ్ఞుల లెక్క. మంట పెడితే నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. మిగతావి కొంత బూడిదలో వుండిపోతాయి. టన్ను గడ్డి కాలితే సుమారు 1,460 కిలోల బొగ్గుపులుసు వాయువు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడు, 3 కిలోల సన్నని నుసి పుడతాయని మరో లెక్క. ఆ నుసి పల్లెలోనే ఆగదు.

ఇంతకూ గడ్డిలో తినదగినది ఏమీ లేదా అంటే, వుంది. గడ్డిలో మూడో వంతుకు పైగా సెల్యులోజు. అది రసాయనశాస్త్రం ప్రకారం చక్కెరలు గొలుసు కట్టిన పదార్థం. కాని ఆ గొలుసుచుట్టూ లిగ్నిన్ అనే జిగురు గోడ కట్టివుంటుంది. దానిమీద మైనపు పూత, మధ్యమధ్య ఇసుక జాతి పదార్థమైన సిలికా. వరిగడ్డి చేతికి గీసుకుపోయేది ఆ సిలికా వల్లనే. గేదె నాలుగు అరల కడుపుతో ఎంత నెమరువేసినా ఆ గోడను సగమే కూలుస్తుంది. మన కడుపు అసలు కూల్చలేదు.

గోడ కూల్చడానికి మన పెద్దలు ఎరిగిన పనిముట్లు రెండు. నీళ్ళు, నిప్పు. ఎడ్లకు వట్టి వులవలు పెడితే అరగవని వుడకబెట్టి పెట్టేవారు. ఆ వుడికిన కట్టు పారబోయడం ఎందుకని ఎవరో ఇల్లాలు తిరగమోత పెట్టింది, ఆంధ్రదేశానికి వులవచారు దక్కింది. ఉప్పుడు బియ్యమూ అంతే. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబోసి దంచితే పొట్టులోని సారం కొంత గింజలోకి దిగుతుంది, నూకా తగ్గుతుంది. కుడితి తొట్టిలో పోసే గోరువెచ్చని గంజి, తవుడు, చిట్టు సంగతి చెప్పనక్కరలేదు. పల్లెలో ఏదీ పారవేసేది కాదు. నానబెట్టేది, కాచేది, ఇంకొక నోటికి అందించేది.

పాశ్చాత్య దేశాల్లో ఈ పనికి మొట్టమొదట శాస్త్రగౌరవం తెచ్చిపెట్టినవాడు డెనీ పాపెన్ అనే ఫ్రెంచివాడు. 1679లో ఆయన లండన్ రాయల్ సొసైటీ వారి ముందు ఒక ఇనుప పాత్ర పెట్టాడు. బిగువైన మూత, ఆవిరి మితిమీరితే తనంతట లేచే ఒక మీట. పారేసే ఎముకలను మెత్తబరచి, వాటిలోని సారాన్ని పేదవారికి అందించాలని ఆయన ఆశయం. మూడేళ్ళ తరువాత ఆ పాత్రలో వండిన భోజనాన్ని సొసైటీ సభ్యులకు వడ్డించాడుకూడా. మన వంటింటి కుక్కరు ఆ పాత్రకు మనుమరాలు. షాలిబండ నహారీ వంటవాడు రాత్రంతా కూర్చుని చేసే పనిని పాపెన్ పాత్ర కొద్దిసేపట్లో ముగించింది. రుచి సంగతి నేను చెప్పలేను.

అమెరికాలో విలియం మేసన్ అనే ఆయన 1924లో ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మిసిసిపీ రాష్ట్రంలోని లారెల్ వూళ్ళో కోతమిల్లుల దగ్గర చెక్కపేళ్ళు గుట్టలుగా పడివుండేవి. వాటిని గట్టి పాత్రలో పెట్టి, విపరీతమైన ఒత్తిడిగల ఆవిరి పట్టించి, ఒక్కసారిగా మూత వదిలేశాడు. లోపలి నీరు ఒక్క దెబ్బన ఆవిరయి, చెక్క పేలాలు పేలినట్టు పేలి, దూదిలాంటి పీచయింది. ఆ పీచును అణిస్తే అట్ట అయింది. మేసొనైటు అట్ట అంటే పాత తరం వడ్రంగులకు తెలుసు. చిత్రమేమిటంటే, దానిలో వేరే జిగురు కలపనక్కరలేదు. చెక్కలోని లిగ్నినే వేడికి కరిగి, మళ్ళీ బిగుసుకొని పట్టుకుంటుంది.

ఇవన్నీ పెద్ద యంత్రాలు, పెద్ద ఒత్తిళ్ళు. మా ఇంట్లో వున్నవి ఒక గ్యాసు పొయ్యి, మా నాయనమ్మ కాలంనాటి రాగి గంగాళం. వీటితో లిగ్నిన్ గోడ కూలదు. అందుకు ఇంకొకరి సాయం కావాలి. ఆ ఇంకొకరే పుట్టగొడుగు.

మనం గొడుగు అనేది చెట్టుకు కాయవంటిది మాత్రమే. అసలు ప్రాణి తెల్లని దారాలవలె గడ్డిలోపల అల్లుకొని వుంటుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు అనే జాతికి లిగ్నిన్‌ను కరిగించే రసాలు వున్నాయి. గేదె కడుపుకు చేతగానిది దానికి చేతనవుతుంది. జర్మనీలో ఫాల్క్ అనే శాస్త్రజ్ఞుడు 1917లో దాన్ని చెట్టు మొద్దులమీద పెంచాడు. మన దేశంలో వరిగడ్డిమీద పండించిన ఘనత మైసూరు ఆహార సాంకేతిక పరిశోధనాలయంలో పనిచేసిన జకియా బానో, శ్రీవాస్తవ అనే ఇద్దరిది. 1962లో వారు ఆ పద్ధతిని ప్రకటించారు. పులులకూ సింహాలకూ మా పాతబస్తీ పక్కన, మీరాలం చెరువు దగ్గర జూపార్కు తెరిచింది ఆ మరుసటి ఏడే. దానికి వచ్చిన జనంలో వెయ్యోవంతు మందికైనా మైసూరు గడ్డి సంగతి తెలిసివుండదు.

ఇక మా ఇంటి కథ. మొదటిసారి నేను చేసినది పూర్తిగా సోమరి పని. గడ్డిని రెండంగుళాల ముక్కలుగా నరికి, రాత్రి చన్నీళ్ళలో నానబెట్టి, పొద్దున గీజరు నీళ్ళు బకెట్లో పట్టి దానిమీద పోశాను. చేయి పెడితే చురుక్కుమంది గనక సరిపోయిందనుకున్నాను. నీళ్ళు వంపి, విత్తనం కలిపి, మూడు సంచులు కట్టాను. వారం తిరగకముందే మూడింటిలోనూ పచ్చని మచ్చలు. తెల్లని దారాలు రావలసిన చోట పాచి పట్టినట్టు ఆకుపచ్చ బూజు. దాని పేరు ట్రైకోడెర్మా. విచిత్రం, ఇదే బూజు జాతిని రైతులు డబ్బిచ్చి కొని, ఎండు తెగులు రాకుండా విత్తనానికి పట్టిస్తారు. పొలంలో నేస్తం, మా సంచిలో దొంగ.

రెండవసారి మా ఇంటావిడ రంగంలోకి దిగింది. "మీకు నీళ్ళు కాచడంకూడా రాదు" అని గంగాళం పొయ్యిమీద పెట్టి, రెండున్నర గంటలు కుతకుత వుడికించింది. గడ్డి చిక్కుడు తొక్కులాగా మెత్తనయింది. దాన్ని మేడమీద పరచి, ఒక రాత్రంతా ఆరనిచ్చాము. ఆ సంచులు నాలుగు రోజులకే పులిసిన వాసన వేశాయి. అయిదో రోజున మళ్ళీ పచ్చ మచ్చలు.

తక్కువ కాచినా చెడింది, ఎక్కువ కాచినా చెడింది. మూడవసారికి ముందు నేను కాస్త చదువుకోవలసి వచ్చింది, మొదటే చేయవలసిన పని అది. అందులో తేలిన సంగతి నాకు చాలా నచ్చింది. గడ్డిమీద వుండే సూక్ష్మజీవులన్నీ శత్రువులు కావు. ఆకుపచ్చ బూజులు, పురుగుల గుడ్లు, నులిపురుగులు 65, 70 డిగ్రీల వేడిలో గంటసేపు వుంటే చాలావరకు చస్తాయి. వేడికి తట్టుకునే కొన్ని మేలుచేసే సూక్ష్మజీవులు మాత్రం మిగులుతాయి. అవి గడ్డిలో కాపురం వుంటూ, కొత్త దొంగలను అంత తేలిగ్గా రానివ్వవు. పుట్టగొడుగు వాటితో పొత్తు కుదుర్చుకొని పెరుగుతుంది. గంటల తరబడి కుతకుత వుడికిస్తే ఆ కావలివాళ్ళూ చస్తారు. ఇల్లు ఖాళీ. తలుపు తెరిచి మేడమీద పెడితే మొదట వచ్చి వాలినవాడిదే రాజ్యం. పైగా మితిమీరి వుడికిన గడ్డి నీరు పట్టి, లోపల గాలి ఆడక పులుస్తుంది.

వేడినీళ్ళు చేసే పని చంపడం ఒక్కటే కాదు. మైనపు పూతను సడలిస్తాయి, గడ్డి గొట్టంలోకి నీరు దూరుతుంది. గడ్డిలో తేలిగ్గా కరిగే చక్కెరలు కొన్ని నీళ్ళలోకి దిగిపోతాయి. బూజులకు ఇష్టమైన చిరుతిండి అదే. అది పోతే మిగిలేది గట్టి తిండి, అది పుట్టగొడుగుకు మాత్రమే పనికివస్తుంది. గంగాళంలో మిగిలే టీ రంగు నీళ్ళలో పొటాష్ వుంటుంది గనక చల్లార్చి, ఇంకొన్ని నీళ్ళు కలిపి కరివేప చెట్టుకు పోశాము.

కాచడం బదులు నీళ్ళలో ఫార్మలిన్, బూజుమందు కలిపి గడ్డి నానబెట్టే పద్ధతికూడా వుంది. వందల సంచులు పెట్టేవారు అదే చేస్తారు, గ్యాసు ఖర్చు వుండదు. పిల్లలు తిరిగే ఇంట్లో, తినే వస్తువుకు, ఫార్మలిన్ సీసా తేవడం నాకు ఇష్టం లేకపోయింది. ఇది నా పట్టుదల అనుకోండి.

మా పక్కింటి పెద్దావిడను సందులో అందరూ ఖాలా అని పిలుస్తారు. మా రెండు ఓటములూ గోడమీదుగా చూసింది. మూడవసారి గంగాళం పెడుతుంటే, "ధీమీ ఆంచ్, బేటా! మంటతోని దుష్మనీ వద్దు" అన్నది. సన్నసెగ అన్నమాట. నహారీ వండేవారి ఇంటి ఆడపడుచు ఆవిడ. ఆ ఒక్క మాటతో నా పుస్తకాల సారమంతా చెప్పేసింది.

ఈసారి వంటసామాను దుకాణంలో పొడుగు కడ్డీ వున్న థర్మామీటరు ఒకటి కొన్నాను. మూడు కిలోల ఎండుగడ్డి, రాత్రి నానినది, గుడ్డసంచిలో కట్టి, పైన రుబ్బురాయి పొత్రం బరువు పెట్టి గంగాళంలో ముంచాము. నీళ్ళు 40 లీటర్లు. 80 డిగ్రీలు రాగానే మంట ఆర్పి, మూత పెట్టి, పాత బొంత చుట్టాము. అరగంటకు చూస్తే 74. గంటకు 70కి దగ్గర. మళ్ళీ వెలిగించే పని పడలేదు. 40 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీలనుంచి 80కి తేవడానికి గ్యాసు సుమారు 350 గ్రాములు పడుతుంది, పొయ్యి దగ్గర వృథా అయ్యే వేడితో కలిపి. మిద్దెమీద సూర్యరశ్మితో కాగే నీళ్ళ తొట్టి వున్నవారు 60 డిగ్రీలదాకా పైసా ఖర్చులేకుండా తెచ్చుకొని, మిగతా 20 డిగ్రీలకే గ్యాసు వెలిగించవచ్చు.

గంట కాగానే తీసి, డెట్టాలుతో తుడిచిన మంచంమీద, శుభ్రమైన గుడ్డపైన, తలుపులు మూసిన గదిలో ఆరనిచ్చాము. ఎంతవరకు ఆరాలంటే, గుప్పెట్లో పట్టి పిండితే చుక్క కారగూడదు, అరచెయ్యి మాత్రం చెమ్మగిల్లాలి. విత్తనమంటే వుడికించిన జొన్నలమీదనో గోధుమలమీదనో పెంచిన తెల్లని దారాలు. ఇక్కడ పాపెన్ మళ్ళీ కనిపిస్తాడు. గింజ కొవ్విన తిండి గనక బూజులు ఎగబడతాయి. అందుచేత విత్తనం తయారుచేసేవారు గింజను కుక్కరువంటి పాత్రలో, 15 పౌన్ల ఒత్తిడిమీద, 121 డిగ్రీల వేడిలో వుంచుతారు. అక్కడ ఒక్క సూక్ష్మజీవీ మిగలగూడదు. గడ్డికి 70 చాలు, గింజకు 121 కావాలి. రెండూ నీళ్ళే, రెండూ వేడే.

పాలిథీన్ సంచిలో గడ్డి ఒక పొర, విత్తనం ఒక చారెడు, మళ్ళీ గడ్డి. మూతి కట్టి, అక్కడక్కడ సూదితో బెజ్జాలు పొడిచి చీకటి గదిలో వేలాడదీశాము. పాతబస్తీ పాత ఇళ్ళకు రెండడుగుల మందం గోడలు వుంటాయి గదా. వాటివల్ల పెయింటు నిలవదని ఇన్నాళ్ళూ విసుక్కున్నాము. ఇప్పుడు ఆ గోడల చెమ్మ, చల్లదనమే కలిసివచ్చాయి. 20 నుంచి 28 డిగ్రీల మధ్య, గాలిలో బాగా తేమ వుండాలి ఈ జాతికి. హైదరాబాదులో జులైనుంచి ఫిబ్రవరిదాకా పరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో దీనిమీద ఆశ పెట్టుకోవద్దు. వేడికి ఓర్చుకునే పాల పుట్టగొడుగు వేరే వుంది, దాన్ని 1974లో బెంగాలులో మొదట గుర్తించి వర్ణించారు.

పదిహేడవ రోజుకు సంచులు పెరుగు తోడుకున్నట్టు తెల్లబడ్డాయి. సంచిని కోసి, వెలుతురు తగిలేచోట పెట్టి, రోజుకు మూడుసార్లు నీళ్ళు చిలకరించాము. అయిదవనాటి సాయంత్రం గుండుసూది తలకాయలు, మూడు రోజుల్లో చేతి వేళ్ళంత, నాలుగో రోజు తెల్లారేసరికి గుత్తులు గుత్తులుగా విప్పారిన చిప్పలు. మా ఇంటావిడ చాలాసేపు చూసి, "ఇంతందంగా వుంటాయని ఎవరూ చెప్పలేదే" అన్నది. ఆ రోజు మిరియాలు, ఉల్లిపాయ వేసి వేపుడు చేసింది. ఇప్పటికీ తాను తినదు. వండి పెడుతుంది.

మూడు కోతల్లో కలిపి మూడు సంచులకు 1 కిలో 900 గ్రాములు వచ్చాయి. బాగా చేసేవారికి కిలో ఎండుగడ్డికి 600 నుంచి 800 గ్రాములు వస్తాయి గనక మాది అటు గొప్పా కాదు, ఇటు తీసికట్టూ కాదు. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీళ్ళే. మాంసకృత్తులు నూటికి మూడు పాళ్ళకు అటూ ఇటూ. అద్భుత ఔషధమని ప్రచారం చేసేవారిని నమ్మవద్దు. మంచి కూర, అంతవరకే.

అసలు చిక్కు ఇక్కడ మొదలయింది. ఖాలా కోడలు ఒకనాడు మా ఇంటావిడ దగ్గరకు వచ్చి కూర్చున్నది. ఆ పిల్ల ఇంట్లో కూర్చొని లాడ్ బజార్ గాజులకు రాళ్ళు అతికిస్తుంది. పాతబస్తీలో ఇంటింటా వున్న పనే. గాజులో, అగరువత్తులో, జర్దోజీయో. రోజంతా వంగి కూర్చుంటే చేతికి వచ్చేది చెప్పుకోదగినది కాదు. కళ్ళు మాత్రం ముందు పోతాయి. "అక్కా, ఇరవై సంచులు పెడితే ఎంత వస్తుంది?" అని అడిగింది. మా ఇంటావిడ నాకేసి చూసింది.

సెల్‌ఫోనులో చూస్తే లక్షలు వస్తాయని చెప్పేవారు కోకొల్లలు. ఆ అమ్మాయికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇరవై సంచులకు, సంచికి కిలో గడ్డి చొప్పున, అన్నీ దక్కితే రెండు నెలల్లో 12 నుంచి 16 కిలోలు. నాలుగు సంచులు చెడితే అంత తగ్గుతుంది. కోసిన మరునాటికే వాడిపోతాయి గనక అమ్మేచోటు ముందే చూసుకోవాలి. అమ్ముడు పోనివి ఎండబెడితే పది కిలోలకు ఒక కిలో మిగులుతుంది. విత్తనం, గ్యాసు, సంచులు పోను నెలకు వంటింటి ఖర్చులో ఒక మూల నిండుతుంది. ఇవన్నీ కాగితంమీద రాసి ఇచ్చాను.

ఇంకొక సంగతికూడా చెప్పక తప్పలేదు. చిప్పలు ముదిరితే కంటికి కనబడని పొడి రాలుతుంది, కోట్ల కొద్దీ. మూసిన గదిలో రోజూ పీలిస్తే దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. వారి ఇల్లు రెండు గదులు, ఆరుగురు మనుషులు. పడుకునే గదిలో మాత్రం వద్దు, ముదరకముందే కోయాలి, కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. మేడమీద రేకుల షెడ్డు వుంది గాని ఎండకు అది పెనంలా కాలుతుంది. దానికి గోనెలు కట్టి తడుపుతూ వుంటే చలికాలంలో పనికిరావచ్చునని మా ఇంటావిడ అన్నది.

అన్నట్టు, ఆ అమ్మాయి ఇంకొక తెలివైన ప్రశ్న వేసింది. గడ్డి బదులు మీరాలం మండీలో కుప్పలుగా పారేసే కూరగాయల చెత్త పనికిరాదా అని. పనికిరాదు. గడ్డి జబ్బు నీరు లేకపోవడం, కాబేజీ ఆకు జబ్బు నీరు ఎక్కువ కావడం. కాచినా కాచకపోయినా అది కుళ్ళుతుంది. కుళ్ళేదాన్ని కుళ్ళనిచ్చి, ఆ గాలిని పట్టుకోవడమే దానికి తగిన దారి. మన నగరంలోనే బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో ఆ పని చేశారు. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞుల పద్ధతి ప్రకారం కూరగాయల చెత్తను నూరి, జావచేసి, గాలి చొరని తొట్టిలో పోస్తారు. అక్కడి సూక్ష్మజీవులకూ మన ఒంటి వేడివంటి గోరువెచ్చదనం ఇష్టం. రోజుకు సుమారు 10 టన్నుల చెత్తనుంచి 500 యూనిట్ల కరెంటు, వంటకు 30 కిలోల గ్యాసు వస్తున్నట్టు 2021లో చెప్పారు. ఆ జనవరి 31న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలోనూ దాని ప్రస్తావన వచ్చింది. అది మార్కెట్టు చేయగల పని, గాజులకు రాళ్ళు అతికించే పిల్ల ఒక్కతే చేయగలది కాదు. గడ్డికి కావలసినది గంగాళం, గంట తీరిక.

మూడు కోతలు అయిన తరువాత మిగిలిన గడ్డిని పట్టుకొని చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. సంచి బరువు బాగా తగ్గింది. చేత్తో నలిపితే అటుకుల పొడిలాగా నలిగింది. గీసుకోవడం లేదు. ఆ జిగురు గోడ చాలావరకు కూలినట్టే. దీన్ని కుండీల్లో ఎరువుగా వేసుకోవచ్చు, వానపాములకు పెట్టవచ్చు. పచ్చ మచ్చ లేని భాగాన్ని ఒక గంపెడు పాలాయన దగ్గరకు తీసుకుపోయాను. పశువులకు కొంచెం కొంచెంగా, మామూలు మేతలో కలిపి పెట్టిన ప్రయోగాలు వున్నాయని చెప్పాను. ఆయన ఒక గుప్పెడు తీసి వాసన చూశాడు.

"బూజు వాసన గాదు సారూ, వాన వాసన" అన్నాడు. పెద్ద గేదె ముందు చారెడు పెట్టాడు. అది మూతి దగ్గర పెట్టుకొని, వూది, కాసేపు ఆలోచించి, నాలుకతో చుట్టుకొని నమిలింది. రెండవ చారెడు మాత్రం పాలాయన పెట్టనివ్వలేదు. "పాలు ఎట్లొస్తయో రేపు జూద్దాం" అన్నాడు. మరునాడు పాలు ఎప్పటిలాగే వచ్చాయి. ఆయన ఏమీ అనలేదు గాని, మధ్యాహ్నం ఖాళీ గంప మా గుమ్మంలో పెట్టి పోయాడు.

ఈ కార్తీకంలో ఖాలా వాళ్ళ మేడమీద షెడ్డుకు గోనెలు వేలాడుతున్నాయి. ఆరు సంచులే, ఇరవై కాదు. మొన్న గురువారం ఆ అమ్మాయి గోడ దగ్గరకు వచ్చి, గడ్డికి పెట్టే థర్మామీటరు ఒక్క పూట ఇస్తారా అని అడిగింది. జ్వరానికి పెట్టేది కాదు సుమా అని రెండుసార్లు చెప్పి ఇచ్చాను.